తిరగేసిన బీడీ

ప్రోగ్రాములు రాసేవాళ్ల తప్పులను సరిగ్గా ఆ లైను పక్కనే పట్టి చూపించే యంత్రాన్ని కనిపెట్టింది నేనే. ఈ మాట మా గల్లీ చివరి చాయ్ హోటల్లో కనీసం పదిమందికి చెప్పి ఉంటాను. ఇద్దరు నమ్మారు. వాళ్లలో ఒకాయనైతే తన తమ్ముడి కొడుక్కి ఉద్యోగం ఇప్పించమని రెండుసార్లు ఇంటికి కూడా వచ్చిపోయాడు.

నిజం చెప్పాలంటే అది మా కోడలిది. అసలు యంత్రం కూడా కాదు. ఇనుమూ లేదు, మోటారూ లేదు. ఆమె లాప్‌టాప్‌లో ఉండే ఒక ప్రోగ్రాము, అంతే. అందులో నా వాటా ఎంతో చివరికి మీకే తెలుస్తుంది కాబట్టి ఇప్పుడే తొందరపడి తగ్గించుకోను.

కోడలు హైదరాబాదులోని ఒక కంపెనీకి నిజామాబాదులో మా ఇంటి మేడ గదిలో కూర్చునే పని చేస్తుంది. కిటికీ వైపు ఆమె బల్ల. గోడ వైపు నా కుర్చీ. మీటింగులు నడుస్తున్నప్పుడు దగ్గనని, తుమ్మనని, ముఖ్యంగా మధ్యలో సలహాలు ఇవ్వనని ఒప్పుకున్నాక ఆ కుర్చీ నాకు దక్కింది. అట్లా కూర్చుని కూర్చుని వాళ్ల పని కొంచెం అర్థమైంది. ఒకరు రాసిన కోడ్‌ను అందరి పనిలో కలిపే ముందు ఇంకొకరు చదవాలి. చదువుతూ, బాగాలేదనిపించిన లైను పక్కన చీటీ అంటించినట్టు రెండు మాటలు రాయాలి. దాన్ని కామెంటు అంటారు. చదివేవాళ్లకు తీరిక ఉండదు. రాసినవాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు. అందుకని కోడలు రెండు నెలలు కష్టపడి ఒక టూల్ తయారుచేసింది. కొత్త కోడ్ రాగానే అది మొదటి లైను నుంచి ఆఖరు లైను దాకా తనే చదివి, ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ కామెంటు పెట్టేస్తుంది. పెట్టిన ప్రతిసారీ రాసినవాళ్ల ఫోను మోగుతుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు.

దాన్ని మొదటిసారి నాకు చూపించిన రోజు కోడలు నవ్వుతూ అంది: "మామా, నువ్వు చేసిన నౌకరే ఇది. ఇది గూడ చెక్కరే."

నేను బీడీ కార్ఖానాలో చెక్కరుగా పనిచేశాను. సాయంత్రం కాగానే ఆడవాళ్లు చుట్టిన బీడీలు తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు. కట్టకు ఇరవై ఐదు. ఆకు చిరిగిందా, తంబాకు తక్కువైందా, దారం వదులైందా చూసి పనికిరానివి తీసెయ్యాలి. చాలామంది చెక్కర్లు పాడైనదాన్ని లాగి నేలమీద విసిరేసేవాళ్లు. నేను మాత్రం కట్టలోనే తలకిందులుగా తిరగేసి పెట్టేవాణ్ని. ఇరవై నాలుగు మూసిన మూతుల మధ్య ఒక్కటి తెరుచుకుని కనబడుతుంది. కట్ట తిరిగి చేతికి రాగానే, ఏది పాడైందో చుట్టినామెకు తెలిసిపోతుంది. దిద్దుకుంటుంది. ఈ ముచ్చట చెప్పగానే కోడలు కుర్చీలో ఇటు తిరిగి, "గదే మామా, లైన్ కామెంటంటే గదే!" అంది. నా ప్రచారం ఆ సాయంత్రమే మొదలైంది.

(తిరగేసే పద్ధతిని కూడా నేను కనిపెట్టలేదు. నాకంటే ముందున్న చెక్కరు దగ్గర నేర్చుకున్నాను. ఇది ఒప్పుకోవడం సులభం. అసలు ఒప్పుకోవలసింది వేరే ఉంది.)

పోయిన చలికాలం కోడలి టీములోకి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. బోధన్ అవతల ఒక ఊరు, పని కూడా అక్కడి ఇంటి నుంచే. ఇంజినీరింగు చదువుకుని, రెండేళ్లు ఉద్యోగం దొరక్క, చివరికి మా కోడలు మాట సాయం చేస్తే లోపలికి వచ్చింది. ఆ ఇంట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి తనే. మూడు నెలలు పని చూసి ఉంచుకుంటారో లేదో చెప్తామన్నారు. ఒక శుక్రవారం ఆ అమ్మాయి తన మొదటి పెద్ద పని పంపింది. అదే శుక్రవారం కోడలి టూల్ మొదటిసారి టీము మీదికి దిగింది.

"మామా, అరవై మూడు తప్పులు పట్టింది!" అని కోడలు చప్పట్లు కొట్టింది.

"నా కాలంల నేనే గన్ని పట్టలే బిడ్డా," అన్నాను. కిందికి పోయి మిర్చి బజ్జీలు తెచ్చాను. ఇద్దరం తిన్నాం. ఆ బజ్జీల రుచి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం కోడలి ఫోనుకు మెసేజి వచ్చింది. "అక్కా, ఈ పని నాకు రాదు. సోమవారం పొద్దున రాజీనామా పంపిస్త. నీ మాట పోగొట్టిన, ఏమనుకోకు." కోడలు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. సాయంత్రానికి ఆమె ముఖం చూడలేకపోయాను. టూల్ కోసం కాదు. తను పిలిచి కూర్చోబెట్టిన పిల్ల తన చేతిమీదుగానే లేచి వెళ్లిపోతోందని.

ఆదివారం పొద్దున బోధన్ బయల్దేరాం. స్కూటీ నేనే నడిపాను. సరే, కోడలు నడిపింది. నేను వెనక కూర్చుని, ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా దేవుళ్ల పేర్లు చదివాను. ఆ తోవలో ఒకప్పుడు కంటికి చెరుకు తప్ప ఇంకేమీ ఆనేది కాదు. ఇప్పుడు వరే ఎక్కువ. అయినా బోధన్ దాటాక అక్కడక్కడ తోటలు నరుకుతున్నారు. చెరుకు ఎత్తిన ట్రాక్టరు వెనక పావుగంట ఇరుక్కుపోయాం. "హారన్ కొట్టు బిడ్డా" అంటే, "మామా, నువ్వు కామెంట్లు పెట్టకు" అంది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

వాళ్లింటి ముందు అరుగు మీద ఆ అమ్మాయి తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తండ్రి చెరుకు నరికించడానికి తోటకు పోయాడట. అమ్మాయి లోపలి గదిలో ఉంది. బయటికి రానంది. కోడలు చెప్పులు విడిచి లోపలికి పోయింది. తలుపు దగ్గరికేసుకున్నారు. నేను అరుగు మీద కూర్చున్నాను.

తల్లి చెయ్యి ఆపకుండానే అడిగింది: "బాపు, నువ్వేం నౌకరి జేస్తుంటివి?"

అసలు మాట నా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండదు. "కంపెనీల ఆఫీసరును. ఇప్పుడు రిటైరైన. నా చెయ్యి పడకుంట సరుకు గేటు దాటకపోయేది," అన్నాను.

ఆమె చుట్టడం ఆపింది. చాట పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. అప్పుడర్థమైంది, నన్ను వాళ్ల అమ్మాయి కంపెనీ ఆఫీసరు అనుకుందని.

"బాపు, మా పిల్ల పని దొంగ కాదు," అంది. "పొద్దుగాల కూసుంటె అన్నం గూడ మర్సిపోతది. శుక్రారం నాడు గా ఫోను మోగుడు మోగుడు, అరవై సార్లు మోగింది. మోగినప్పుడల్లా దాని మొకం చిన్నగయ్యింది. సివరికి ఫోను దిండు కింద వెట్టి పండుకుంది. నువ్వు పెద్దోనివి, ఒక్క మాట చెప్తె ఇంటరు. దాన్ని తీసెయ్యకుండ్రి."

కాదు తల్లీ, నేను ఆ కంపెనీవాణ్ని కాదు అని చెప్పాలి. చెప్పలేదు. పైగా తల ఊపాను, పెద్దమనిషి తరహాగా. ఆమె లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది. నీళ్లు తాగి ఏం చెయ్యాలో తోచక, పక్కన పేర్చి ఉన్న కట్టల్లోంచి ఒకటి చేతిలోకి తీసుకున్నాను.

ఇక్కడ నా తప్పేమీ లేదు, తప్పంతా వేళ్లది. మానేసి ఎన్నో ఏళ్లైనా వాటికి ఎవరూ చెప్పినట్టు లేరు. బొటనవేలు తనంతట తనే మూతుల మీదుగా పోయింది. ఒకచోట ఆగింది. అక్కడున్న బీడీ బయటికి వచ్చింది, తలకిందులై మళ్లీ లోపలికి పోయింది. రెప్పపాటు పని.

ఆమె కట్ట వైపు చూసింది. నా వైపు చూసింది.

"బాపు," అంది మెల్లగా, "నువ్వు ఆఫీసరువు కాదు. నువ్వు చెక్కరువు."

"అంటే... గదే తల్లీ, సరుకు..."

"ఓ బిడ్డా!" అని ఇల్లంతా వినబడేట్టు కేకేసింది. "బయటికి రా! ఆఫీసరని నీళ్లిస్తే చెక్కరని తేలిండు గీయన!"

తలుపు తెరుచుకుంది. రెండు రోజులుగా గది దాటని పిల్ల గడపలోకి వచ్చి నిలబడింది. వెనకాల మా కోడలు, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని. నన్నూ, నా చేతిలోని కట్టనూ చూసి ఆ అమ్మాయి మొదట పెదవి కొరుక్కుంది, తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. నా పరువు పోయింది గానీ తలుపైతే తెరుచుకుంది.

తల్లి కోపం మాత్రం తగ్గలేదు. "నాకు తెల్వదా చెక్కర్ల సంగతి! కొత్తగ పెండ్లయి కార్ఖానల కూసున్ననాడు నా బీడీలు సగం నేలకు కొట్టిండు ఒకడు, అందరి ముందట. ఎందుకు కొట్టిండో చెప్పలే. ఇంటికొచ్చి ఏడ్సిన. ఇగ పోను అన్న."

"మళ్ల పోయినవా అమ్మా?" అంది కూతురు. ఈ కథ ఆమెకూ కొత్తదైనట్టుంది.

"పక్కన కూసునే ముసలవ్వ నా కత్తెర సూసింది. 'పిల్లా, నీ చేతిల ఏం తప్పు లేదు, కత్తెర మొండిగయ్యింది, ఆకు అంచు సిరుగుతుంది' అన్నది. గంతే. సాన పట్టిచ్చిన. తెల్లారి పోయిన." నా వైపు తిరిగింది. "సగం బీడీలకు తప్పు ఒక్కటే ఉంటె సగం సార్లు కొడ్తరా బాపు? కత్తెర సూసుకో అని ఒక్కసారి చెప్తె మీ సొమ్మేం పోయె?"

కోడలు నెమ్మదిగా ఆ అమ్మాయిని అడిగింది: "ఆ అరవై మూడిట్ల ఏమున్నయి? నేను ఎన్నున్నయో లెక్క చూసిన గని, ఒక్కొక్కటి చదవలే."

"యాభై ఎనిమిది ఒక్కటే అక్కా. రెండు మాటలు కలిపి పేరు పెడితే మధ్యల గీత పెట్టాలె అంట మన టీముల. నాకు తెల్వదు. నేను పెట్టలే. యాభై ఎనిమిది సార్లు చెప్పింది."

"మిగిలిన అయిదు?"

"చూడలే. గీతలు గీతలు అని చదివి చదివి నాకింక ఏం కనవడలే. అందరికి కనిపిస్తయి గద అక్కా అవి. గా సారు, గీ సారు, అందరు చూస్తరు."

కోడలు అరుగు అంచున కూర్చుంది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. రెండు నెలలు పెంచిన బిడ్డ పక్కింటి పిల్లను కొట్టిందని విన్న తల్లి ముఖం అది. ఫోను తీసి ఏదో రాసుకుంది. తర్వాత అంది: "ఇయ్యాలనే మారుస్త. నువ్వు గా రాజీనామా పంపకు."

అమ్మాయి వెంటనే ఒప్పుకోలేదు. అందుకే నాకు నచ్చింది. "రేపు పొద్దున గదే కోడ్ మళ్ల పంపుత అక్కా. ఒక్క గీత గూడ దిద్ద. ఏమొస్తదో చూస్త. మళ్ల అరవై సార్లు మోగితే మాత్రం రాజీనామా పంపిస్త."

ఇంతలో తల్లి నా చేతిలోని కట్ట తీసుకుంది. "ఇంతకు ఏం పాడయిందని తిప్పితివి?"

"దారం వదులైంది," అన్నాను.

ఆమె ఆ బీడీని బయటికి తీసి దారాన్ని గోటితో లాగి చూసింది. నా ముఖంలోకి ఒకసారి చూసింది. కట్టలో ఇంకో బీడీ పెట్టి, దీన్ని పక్కన పెట్టింది. మేం లేచి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చి నా అంగీ జేబులో వేసింది. "పెట్టుకో బాపు. నువ్వు తిప్పిందే గదా," అంది. పిల్లలిద్దరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఇంటికి రాగానే కోడలు మేడెక్కింది. పొద్దు గూకేసరికి రెండు మార్పులు చేసింది. ఒకే తప్పు ఎన్నిచోట్ల ఉన్నా మొదటి చోటే ఒక కామెంటు, ఇంకెన్ని ఉన్నాయో అందులోనే ఒక ముక్క. రెండోది, కామెంట్లన్నీ చదవడం అయ్యేదాకా తనదగ్గరే పెట్టుకుని, ఒక్క కట్టగా కట్టి ఒక్కసారే పంపడం. ఫోను ఒక్కసారే మోగుతుంది. నేను కుర్చీలో కూర్చుని, "కత్తెర సూసుకో అని గూడ రాయాలె" అని పట్టుబట్టాను. "హైదరాబాదు వాళ్లకు కత్తెరేంది మామా" అంది. "వాళ్లకొద్దు, పిల్లకు," అన్నాను. టూల్లో మొత్తంగా నా వాటా ఆ రెండు మాటలే. అవి కూడా బోధన్ అవతలి అరుగు మీదివి.

మర్నాడు చాయ్ హోటల్లో ఈ కత్తెర సిద్ధాంతాన్ని నా స్వంతంగానే చెప్పానని వేరే చెప్పనక్కర్లేదు.

సోమవారం తొమ్మిదిన్నరకు ఆ అమ్మాయి కోడ్ వచ్చింది. అన్నట్టుగానే ఒక్క గీతా దిద్దలేదు. నేను తుమ్మకుండా, దగ్గకుండా, ఊపిరి కూడా సగమే పీలుస్తూ కూర్చున్నాను. టూల్ చదివింది. ఒక్క కట్ట పంపింది. అందులో ఆరు కామెంట్లు. మొదటిదాంట్లో ఇంగ్లిషు మధ్య తెలుగులో ఉంది: "కత్తెర సూసుకో. ఇట్లాంటివి ఇంకా యాభై ఏడు."

పావుగంట ఏమీ రాలేదు. కోడలు గోళ్లు కొరుకుతోంది. నేను వద్దనలేదు, నావి అప్పటికే అయిపోయాయి.

తర్వాత జవాబులు రావడం మొదలైంది. మొదటి దానికి: "సాన పట్టిన అక్కా." రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది దిద్దింది. ఆరో దాని కింద మాత్రం ఇట్లా రాసింది: "ఇది తప్పు కాదు. మళ్ల చూడు."

కోడలు చూసింది. పై లైను చూసింది, కింది లైను చూసింది. టీములో పెద్దాయన్ని వీడియో కాల్లో పిలిచి చూపించింది. అమ్మాయి చెప్పిందే నిజం. టూలే మంచి లైనును తప్పని పట్టుకుంది. కోడలు సంతోషం పట్టలేక కుర్చీ గిర్రున తిప్పి, "మామా, పిల్ల పోదు! కొట్లాడుతుంది చూడు, ఇంక పోదు!" అంది. రాజీనామా కాయితం ఏమైందని సాయంత్రం అడిగితే, ఏ కాయితం అక్కా అందట ఆ అమ్మాయి. మూడు నెలలు దాటాయి. ఇంకా అక్కడే ఉంది. ఇప్పుడు మా కోడలి కోడ్ కింద కూడా కామెంట్లు పెడుతోంది, అవి మామూలు కామెంట్లు కావు.

ఆ సోమవారమే కోడలు నన్ను అడిగింది: "మంచి లైనును ఎందుకు పట్టిందంటవ్ మామా?"

"ఏమో బిడ్డా," అన్నాను.

ఎందుకో ఆ టూల్‌కు తెలియకపోవచ్చు. నాకు మాత్రం మంచిదాన్ని ఎందుకు పట్టుకుంటారో బాగా తెలుసు. కోడలు ఇది చదువుతుంది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. పాడైన బీడీని తిరగేసి చుట్టినామెకు చూపించేవాణ్నని చెప్పాను కదా, అది అబద్ధం కాదు. కాకపోతే రోజుకు నాలుగైదుసార్లు, కట్టలో అన్నిటికంటే బాగున్నదాన్ని కూడా తిరగేసేవాణ్ని. చుట్టినామె చూసుకున్నాక, తిరగేసినదాన్ని లెక్కలోంచి తీసేస్తారు. తీసేసింది నా జేబులోకి వస్తుంది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఊదుకుంటూ పోయేవాణ్ని. మేమంతా అంతే. ఆ మంచి బీడీ చుట్టిన ఆడమనిషి మాత్రం ఇంటికి పోయి, దారం ఎక్కడ వదులైందా అని తన చేతులను తనే అనుమానించేది. కోడలి టూల్ చేసేది పొరపాటు, అంతే. దానికి జేబు లేదు.

బోధన్ అవతలి ఆ తల్లి దారం లాగి చూసినప్పుడు, అది బిగువుగానే ఉంది. ఆ కట్టలో అంత అందంగా చుట్టిన బీడీ ఇంకోటి లేదు. నా వేలు తెలిసే ఆగింది. ఆమెకూ తెలుసు. అందుకే జేబులో వేసింది.

బీడీ ముట్టొద్దని డాక్టరు చెప్పి నాలుగేళ్లయింది. కోడలికి మాత్రం దాన్ని గుర్తుగా బీరువాలో దాచుకున్నానని చెప్పాను. దాచుకోలేదు. ఆ అమ్మాయి జవాబు వచ్చిన సోమవారం సాయంత్రమే, మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక నిలబడి తాగేశాను. ఆఖరు దమ్ము దాకా దారం ఊడలేదు.